టికియాపారా నుంచి మదర్ హౌస్ దాకా

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం బయల్దేరే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ మర్నాటి సాయంత్రానికి హౌరా చేరుతుంది. చేరేముందు దాటే ఆఖరి స్టేషన్ టికియాపారా. ఎక్స్‌ప్రెస్‌లకు అక్కడ స్టాపు లేదు. ఆగితే అది సిగ్నల్ కోసమే. హౌరాలో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా బండి అక్కడే నిలబడిపోతుంది, లోకల్ రైళ్ల కారుషెడ్డు పక్కన. ఒక రాత్రీ ఒక పగలూ కూర్చుని వచ్చిన జనం సామాన్లు దించుకుని తలుపుల దగ్గర గుమిగూడతారు. కోల్‌కతా వచ్చేసిందనుకుంటాం కానీ టికియాపారా హుగ్లీకి ఇవతల ఉంది, అది హౌరా. అసలు కోల్‌కతా ఇంకా నది దాటాలి.

మా బండి అక్కడ చాలాసేపే ఆగింది. ఎదురు సీట్లో ఖరగ్‌పూర్‌లో ఎక్కిన పెద్దావిడ ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రైల్వే పనులకు వెళ్లి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆవిడ అలాంటి ఇంటి మనిషి. బెంగాలీ, హిందీ, శ్రీకాకుళం తెలుగు, మూడూ ఒకే మాటలో కలిసిపోతున్నాయి.

"ఏ ఊరికమ్మా?" అన్నారు.

"కోల్‌కతాకేనండీ. మదర్ థెరిసా సమాధి చూడాలని."

"మంచిదమ్మా. మాది వేరే సంఘం, మేం సమాధుల కాడ మొక్కం. ఆవిడ మాత్రం దయగల తల్లి."

మాటల్లో తన కథా చెప్పారు. మెడ మీద గడ్డలు లేచాయట. రైల్వే ఆసుపత్రిలో పరీక్ష చేసి టీబీ అన్నారట. సంఘమంతా ఉపవాస ప్రార్థన పెట్టారట. గడ్డలు కరిగిపోయాయి. "ప్రభువు బాగుజేసినాడమ్మా. ఆరు నెల్లు మందు కూడా మింగినాను. ఒక్క పూటా మానలేదు. ఏది పనిజేసిందీ అని నువ్వడగతావు, నాకు తెల్సు. మా అబ్బాయీ అడగతాడు. సంఘంలో సాక్ష్యం చెప్పినప్పుడు రెండూ జెప్పేను. మందు సంగతి దాచడానికి నేనెవర్ని?"

నేను ఒంగోలు వైపు బాప్టిస్టు ఇంట్లో పుట్టాను. చిన్నప్పటి నుంచి స్వస్థత సాక్ష్యాలు వింటూనే పెరిగాను. ఇంత నిజాయితీగా చెప్పిన సాక్ష్యం వినడం అరుదు. నేను కోల్‌కతా వెళ్తున్నది కూడా సరిగ్గా ఆ ప్రశ్న పట్టుకునే. ఒక మనిషి శరీరంలో జరిగిన మార్పును దేవుడి పని అని సంఘం ప్రకటించాలంటే ఏం చూపించాలి? ఎవరికి చూపించాలి?

*

మదర్ సమాధి ఉన్న మదర్ హౌస్ చిరునామా 54ఎ, ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు. గురువారాలు సందర్శకులను రానివ్వరు, వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. పక్కసందులో చిన్న గుమ్మం. లోపల నేల అంతస్తులో ఒక గదిలో తెల్లటి సాదా సమాధి. దానిమీద ఆ రోజు పూలరేకులతో రాసిన ఒక వాక్యం. మనుషులు వచ్చి మోకరిస్తారు, చేయి ఆనిస్తారు, కొందరు మడిచిన చీటీలు పెడతారు. పై అంతస్తులో ఆమె ఉన్న గది వంటింటి మీద ఉంది, కిందినుంచి వేడి కొడుతుంది. అందులో ఫ్యాను పెట్టించుకోలేదామె.

మదర్ థెరిసా 1997 సెప్టెంబరు 5న ఇక్కడ చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 1998 సెప్టెంబరు 5న, దక్షిణ దినాజ్‌పూర్ జిల్లాలో మోనికా బెస్రా అనే సంతాల్ స్త్రీ కడుపులో పెద్ద గడ్డతో మదర్ సంస్థ మిషనరీస్ ఆఫ్ చారిటీ వాళ్ల పతిరామ్ ఆశ్రమంలో ఉంది. ప్రార్థన గదిలో మదర్ ఫొటో నుంచి ఒక వెలుగు తనవైపు వచ్చిందని ఆమె చెప్పింది. ఆ సాయంత్రం సిస్టర్లు మదర్ దేహానికి తాకించిన పతకాన్ని ఆమె కడుపు మీద పెట్టి ప్రార్థించారు. రాత్రి లేచి చూసుకుంటే గడ్డ లేదు. 2002 డిసెంబరులో రోము దీన్ని అద్భుతంగా ఆమోదించింది. 2003 అక్టోబరు 19న రెండో జాన్ పాల్ పోప్ మదర్‌ను ధన్యురాలిగా ప్రకటించినప్పుడు బెస్రా కూడా రోములో ఉంది.

ఆమెకు వైద్యం చేసిన బాలూర్‌ఘాట్ ఆసుపత్రి స్త్రీవ్యాధుల వైద్యుడు రంజన్ ముస్తఫీ చెప్పింది మరొకటి. అది క్యాన్సరు గడ్డ కాదు, క్షయ వల్ల వచ్చిన తిత్తి. తొమ్మిది నెలల నుంచి ఏడాది పాటు క్షయ మందులు వాడితే తగ్గింది. బెస్రా భర్త కూడా మొదట విలేకరులతో మందులవల్లే నయమైందన్నాడు, తర్వాత మాట మార్చుకున్నాడు. చికిత్స కాగితాలు, స్కానింగులు ఒక సిస్టర్ దగ్గర ఉన్నాయని బెస్రా విలేకరులకు చెప్పింది. బెంగాల్ హేతువాద సంఘం నాయకుడు ప్రబీర్ ఘోష్ ఈ కేసు మీద ఏళ్ల తరబడి పోరాడాడు.

నేను బెస్రా మాటను అబద్ధమనను. కడుపులో బరువు మోస్తూ నడవలేక నడిచిన మనిషి, ఒక రాత్రి లేచి తేలికైన ఒళ్లు తడుముకుని ఏం అనుభవించిందో అదే చెప్పింది. తను చూసింది చెప్పడం ఆమె హక్కు. ఎందువల్ల తగ్గిందో తేల్చడం మాత్రం ఆమె పని కాదు, ఆ భారం ఆమె మీద పెట్టడమే అన్యాయం. ఆ పని కాగితాలు చేయాలి. గడ్డ ఎప్పుడు ఎంత ఉంది, ఏ మందు ఏ రోజు మొదలైంది, ఆ రాత్రికి ముందు స్కానింగులో ఏం కనబడింది.

కాథలిక్ సంఘానికి ఈ సంగతి తెలియనిది కాదు. మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్పాలి, స్వస్థతను పరీక్షించడానికి దాదాపు 300 ఏళ్ల కిందటే ఆ సంఘం చాలా కఠినమైన నియమాలు రాసుకుంది. ప్రాస్పెరో లాంబెర్తీని అనే న్యాయ పండితుడు, తర్వాత 14వ బెనెడిక్ట్ పోప్ అయ్యాడు, 1730లలో రాసిన పెద్ద గ్రంథంలో అవి ఉన్నాయి. జబ్బు తీవ్రమైనదై ఉండాలి. దానంతట అది తగ్గే దశలో ఉండకూడదు. మందులు వాడి ఉండకూడదు, వాడినా అవి పనిచేయలేదని తేలాలి. స్వస్థత హఠాత్తుగా, సంపూర్ణంగా జరగాలి, తిరిగి రాకూడదు. అలాంటి కేసుల మీద ఇప్పుడు రోములో వైద్యుల మండలి కూర్చుంటుంది, ఓటు వేస్తుంది. మదర్ జీవితం మీద విచారణ జరిగినప్పుడు ఆమెను తీవ్రంగా విమర్శించిన క్రిస్టఫర్ హిచెన్స్‌ను కూడా పిలిచి వాంగ్మూలం తీసుకున్నారు. ఫ్రాన్సులో లూర్దు పుణ్యక్షేత్రంలో 1883 నుంచి ఒక వైద్య కార్యాలయమే ఉంది. అక్కడికి వచ్చిన స్వస్థత నివేదనలు వేలల్లో ఉంటే, 2018 నాటికి సంఘం అద్భుతాలుగా ఒప్పుకున్నవి 70 మాత్రమే.

ఆ నియమాల్లో మూడోదాని ముందు బెస్రా కేసును నిలబెట్టి చూడండి. క్షయ మందులు వాడింది, అవి పనిచేసే జబ్బే అని వైద్యుడు చెబుతున్నాడు. రోము వైద్య మండలి వివరణకు అందనిదనే అన్నది, నిజమే. కానీ చికిత్స చేసిన వైద్యుడి మాటకూ ఆ మండలి నిర్ణయానికీ మధ్య ఉన్న ఖాళీ ఇవాళ్టికీ పూడలేదు. సంఘం తన కొలతతోనే కొలిస్తే ఈ కేసు నిలవదని నా అభిప్రాయం. రెండో అద్భుతం సంగతి వేరు. బ్రెజిల్‌లో మెదడులో చీముగడ్డలతో స్పృహ తప్పి, శస్త్రచికిత్స బల్ల దాకా వెళ్లిన ఒక ఇంజనీరు 2008 డిసెంబరులో కోలుకున్నాడు. దాని ఆధారంగా 2016 సెప్టెంబరు 4న మదర్‌ను పునీతురాలిగా ప్రకటించారు.

మదర్ పేరుతో అద్భుతం అనిపించుకున్న మొదటి సంఘటన అసలు బెస్రాది కాదు. 1969లో బీబీసీ కోసం మాల్కం మగ్గరిడ్జ్ కాళీఘాట్‌లోని నిర్మల్ హృదయ్‌లో చిత్రీకరణ చేశాడు. మదర్ 1952లో కాళీ గుడి పక్కనే తెరిచిన మరణాసన్నుల ఇల్లు అది. లోపల చీకటి, చిన్న కిటికీలు, ఫిల్ము మీద ఏమీ పడదనుకున్నారు. కడిగి చూస్తే మెత్తటి వెలుగుతో బొమ్మ చక్కగా వచ్చింది. అది దివ్యకాంతి అని మగ్గరిడ్జ్ ప్రపంచానికి చెప్పాడు, పుస్తకంలోనూ రాశాడు. కెమెరామన్ కెన్ మెక్‌మిలన్ చెప్పింది, అది కొడాక్ కంపెనీ అప్పుడే తెచ్చిన కొత్తరకం ఫిల్ము మహిమ అని. బయల్దేరే ముందే అది వాళ్ల చేతికొచ్చింది.

నాకు ఇందులో బాధ కలిగించేది ఇది. ఆ గదిలో రోడ్డుపక్క నుంచి ఎత్తుకొచ్చిన మనుషుల పుళ్లు కడుగుతున్నారు. చనిపోయేవాడి చేయి పట్టుకుని ఒకరు కూర్చున్నారు. అది సరిపోలేదు మనకి. దానిమీద ఒక వెలుగు కూడా పడాలి. ఉన్న వెలుగును చూడలేక ఫిల్ము మీద వెతుక్కున్నాం.

*

మదర్ హౌస్ నుంచి అదే ఆచార్య జగదీశ్ చంద్రబోస్ రోడ్డు పట్టుకుని నైరుతి వైపు పోతే ఎస్‌ఎస్‌కేఎం ఆసుపత్రి వస్తుంది. పాతవాళ్లు ఇప్పటికీ పీజీ అంటారు. దాని ప్రహరీలో రొనాల్డ్ రాస్ స్మారక ద్వారం ఉంది. మన తెలుగువాళ్లు తప్పక చూడాల్సిన చోటు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, దోమ కడుపులో మలేరియా క్రిమిని రాస్ మొదటిసారి చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో, ఈ ఆసుపత్రి దగ్గరున్న చిన్న ప్రయోగశాలలో, పక్షుల మీద పరిశోధించి దోమకాటుతో మలేరియా ఎలా సోకుతుందో పూర్తిగా చూపించాడు. నేను రైల్లో వచ్చిన దారే ఆ పరిశోధన దారి కూడా.

రాస్ చెప్పింది నమ్మడానికి ఆయన మంచివాడా, భక్తుడా అని ఎవరూ విచారించనక్కరలేదు. సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టిన ప్రతివాడికీ అది కనబడుతుంది. అయినా ఆ ద్వారం మీద చెక్కినవి ఆ సికింద్రాబాద్ ఆవిష్కరణ మీద రాస్ రాసుకున్న పద్యాలే, ఆ రహస్యాన్ని తన చేతిలో పెట్టినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పే పద్యాలు. దోమ కడుపు కోసి చూసిన చేయే ఆ పద్యం రాసింది. వెతకడం మానేస్తేనే దేవుడికి స్థలం ఉంటుందని అతను అనుకోలేదు.

ఈ నగరంలో చదువుకున్న మరొకాయన దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టాడు. అబ్రహాం కోవూర్, కేరళలో మార్తోమా సంఘపు ప్రీస్టు కొడుకు, ఇక్కడి బంగబాసి కాలేజీ విద్యార్థి. తెలుగు హేతువాదులకు ఆ పేరు కొత్త కాదు. ఇంటికెళ్తూ చుట్టాలకు గంగాజలం అని చెప్పి మామూలు నీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్లతో జబ్బులు తగ్గాయని తర్వాత వాళ్లే వచ్చి చెప్పారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అందరూ పొరపాటు పడ్డారు. కోవూర్ అక్కడినుంచి నాస్తికత్వానికి వెళ్లాడు. నేను అంతదూరం వెళ్లలేను. అయితే ఆ సీసా సంగతి ప్రతి స్వస్థత కూడికలోనూ గుర్తుంచుకోవలసిందే అంటాను.

రుజువు అడగడం అవిశ్వాసం అంటారు మన సంఘాల్లో. మరి తోమా సంగతి ఏమిటి? గాయాల్లో వేలు పెట్టి చూడకపోతే నమ్మనన్నాడు. ప్రభువు అతన్ని వెళ్లగొట్టలేదు, చేయి చాపి చూడమన్నాడు. చూడకుండా నమ్మినవారు ధన్యులని ఆ తర్వాతే అన్నాడు, ముందు చూపించాడు. ఆ తోమాయే మన దేశానికి వచ్చాడని కేరళ, మద్రాసు క్రైస్తవులు తరతరాలుగా చెప్పుకుంటారు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పునరుత్థానాన్ని చూసినవాళ్లు 500 మందికి పైగా ఉన్నారని, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని చెప్పాడు. వెళ్లి అడగండి అనే ధీమా ఆ మాటలో ఉంది. మరోపక్క సువార్తల్లో, ఆకాశం నుంచి ఒక సూచక క్రియ చూపించమని పరిసయ్యులు పట్టుబడితే యేసు ఒప్పుకోలేదు. ఎదుటివాడి నోరు మూయించడానికి అద్భుతం చేసి పెట్టలేదాయన.

మదర్ సంగతికే వస్తే, 2007లో ఆమె ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. వాటిని ప్రచురించింది ఆమె పునీతత్వ విచారణను నడిపించిన ఫాదర్ బ్రయన్ కొలోడీచుక్. దాదాపు 50 ఏళ్లపాటు, మధ్యలో ఒక కొద్దికాలం తప్ప, దేవుడు తనకు దూరంగా ఉన్నాడని, ప్రార్థనలో శూన్యమే మిగులుతోందని ఆమె తన గురువులకు రాసుకున్న ఉత్తరాలవి. ఆమెకు ఏ వెలుగూ కనబడలేదు. పొద్దున్నే లేచి రోడ్డుమీదికే వెళ్లింది. సమాధి దగ్గర మోకరించినప్పుడు నాకు పతకం కథ గుర్తురాలేదు, ఆ ఉత్తరాలే గుర్తొచ్చాయి.

*

తిరుగు ప్రయాణానికి ముందు టికియాపారా మళ్లీ చూడాలనిపించింది. ఎస్‌ప్లనేడ్ నుంచి నది కిందుగా వెళ్లే మెట్రో 2024 మార్చిలో మొదలైంది. హౌరాలో దిగి, ఖరగ్‌పూర్ వైపు లోకల్ ఎక్కితే మొదటి స్టేషనే టికియాపారా. బెలీలియస్ రోడ్డు పొడుగునా చిన్న చిన్న ఇనుప షెడ్లు, లేత్ మిషన్లు, నూనె మరకల నేల. హౌరాను ఒకప్పుడు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌తో పోల్చిన కాలపు పనితనం ఇంకా ఈ సందుల్లో బతికుంది. ఒక కుర్రాడు తిప్పిన బోల్టును గేజీలో పెట్టి చూస్తున్నాడు, కొద్దిగా తేడా వస్తే మళ్లీ మిషనుకు ఎక్కిస్తున్నాడు. వెనక బస్తీలో బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఎక్కువ.

ఈ బస్తీలోనే మామూన్ అఖ్తర్ అనే ముస్లిం యువకుడు 1990లలో తన ఇంట్లో కొద్దిమంది పిల్లల్ని కూర్చోబెట్టి చదువు చెప్పడం మొదలుపెట్టాడు. అది పెరిగి పెద్ద బడులయ్యాయి. హిందూ, ముస్లిం పిల్లలు కలిసి చదువుతారు. సంస్థ పేరు సమారిటన్ హెల్ప్ మిషన్. నా పొరుగువాడెవడు అని అడిగిన ధర్మశాస్త్ర పండితుడికి యేసు చెప్పిన ఉపమానంలోని పరదేశి జాతి పేరు అది. దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ని యాజకుడూ లేవీయుడూ దాటిపోతే, ఎవరూ లెక్కచేయని సమరయుడు ఆగాడు. అతను చేసింది అద్భుతమేమీ కాదు. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు, పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లాడు, ఖర్చుకు డబ్బిచ్చాడు. నూనె, ద్రాక్షారసం ఆనాటి మందులు. ఆ కథలో యేసు మందుని తీసేయలేదు. నిజంగా జరిగిందా అని ఎవరూ అనుమానపడక్కర్లేని పని ఇది. ఎవరైనా వెళ్లి చూడవచ్చు, పిల్లలు తరగతుల్లో ఉంటారు.

మా ఒంగోలు మిషను చరిత్రలోనూ అద్భుతంగా చెప్పుకునే రోజు ఒకటుంది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. చిన్నప్పుడు ఆ సంఖ్య మాత్రమే చెప్పేవారు మాకు. దానికి ముందు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడో పెద్దయ్యాక చదివాను. 1876 నుంచి 78 దాకా ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ కరువంతా బాప్తిస్మాలు ఆపేశాడు. బువ్వ కోసం వచ్చారా, విశ్వాసంతో వచ్చారా తేలాలంటే బువ్వ అందే రోజులు పోవాలి. ఆగాడు, కరువు తీరాక కూడా జనం వచ్చారు, అప్పుడు ఇచ్చాడు. కాలువ గుత్తేదారైన ఆ మిషనరీకీ, రోములో లాంబెర్తీనికీ తట్టిన ఆలోచన ఒకటే. ఇతర కారణం ఉందేమో తీసి చూడకుండా దేవుడి పేరు పెట్టకూడదు. ఇద్దరూ విశ్వాసులే, విశ్వాసులు కాబట్టే అంత జాగ్రత్త పడ్డారు.

ఇంత రాయడానికి కారణం మా బంధువుల్లోనే ఒకావిడ. ఆవిడకూ టీబీయే. మందు మొదలెట్టిన రెండు నెలలకు దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, ఒళ్లు చేసింది. ఒక స్వస్థత కూడికలో వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించారు. స్వస్థత వచ్చాక మందు మింగితే దేవుణ్ని నమ్మనట్టేనని ఎవరో అన్నారు. మానేసింది. జబ్బు తిరగబెట్టింది, ఈసారి మామూలు మందులకు లొంగలేదు. టీబీ మందుల తీరే అంత. మొదటి వారాల్లోనే క్రిములు చాలావరకు చచ్చి, మనిషికి తగ్గినట్టుంటుంది. మిగిలిన కొద్ది క్రిముల్ని చంపడానికే మిగతా నెలలన్నీ. సగంలో ఆపితే మిగిలేవి మొండి క్రిములు. ఎవరూ ఆమెను మోసం చేయాలనుకోలేదు, వేదిక మీద ఉన్నవాళ్లందరూ ఆమె బాగుపడాలనే ప్రార్థించారు. ఒక్కరు కూడా మందుల కార్డు చూపించమని అడగలేదు.

అందుకని పాస్టరు గార్లకు, సంఘ పెద్దలకు, సాక్ష్యం చెప్పబోయే అక్కలకు అన్నలకు నాదొక విన్నపం. ప్రార్థించండి, చేతులుంచి ప్రార్థించండి, ఉపవాసం ఉండండి. వేదిక ఎక్కేముందు రిపోర్టులు దగ్గరపెట్టుకోండి. ఏ జబ్బు, ఏ డాక్టరు, ఏ మందు, ఎన్నాళ్లు వాడారో ఖరగ్‌పూర్ పెద్దమ్మలాగా అన్నీ చెప్పండి. టీబీ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. సాధారణ టీబీకి ఆరు నెలల కోర్సు. దేవుడు మిమ్మల్ని మొదటి నెలలోనే బాగుచేశాడని మీకు పూర్తి నమ్మకం ఉన్నా సరే, ఆరో నెల ఆఖరి మాత్ర దాకా మింగండి, డాక్టరు పరీక్ష చేసి చాలు అన్నాకే ఆపండి.